ఏలూరు మామ్మగారికి గూటి కబురు

స్కూలు బ్యాగు ఇంకా భుజాన్నే ఉంది. బూట్లు కూడా విప్పలేదు. హెప్సిబా తాతయ్య ఫోన్ పట్టుకుని వరండా మెట్టు మీద కూర్చుంది.

ఫోన్‌లో కొల్లేరు కనిపిస్తోంది. నీళ్ళ మధ్య ఒక ఇనుప స్టాండు, దాని మీద పుల్లల గూడు, గూట్లో మూడు గూడబాతు పిల్లలు. స్టాండుకే ఒక కెమెరా బిగించి ఉంది. తాడేపల్లిగూడెంలో కూర్చుని కూడా గూట్లో ఏం జరుగుతోందో చూడవచ్చు.

హెప్సిబాకు అది ఆట కాదు, ఉద్యోగం. వాళ్ళ తాతయ్య దేవదానం, ఆకివీడులో ఉండే సూర్యప్రకాశరావు మాస్టారు, ఏలూరులో ఉండే అచ్చాయమ్మ టీచరు ఒకప్పుడు మండవల్లి దగ్గర ఒకే బడిలో పాఠాలు చెప్పారు. అప్పటి నుంచీ ముగ్గురికీ పక్షుల పిచ్చి. ఇప్పుడు వాట్సాప్‌లో పొద్దస్తమానం గూటి కబుర్లే. కానీ అచ్చాయమ్మగారికి ఈమధ్య కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు ఫోన్ చూడవద్దన్నారు డాక్టరు. అందుకని రోజూ సాయంత్రం హెప్సిబా గూడు చూసి, ఆవిడకు ఫోన్ చేసి చెబుతుంది. ఐదో తరగతి పిల్లకు ఇంత పెద్ద పని ఎవరిస్తారు? ఆ గర్వం కాస్త నడకలో కూడా కనిపించేది.

కబురు వినగానే అచ్చాయమ్మ మామ్మగారు పాత సంగతి ఒకటి చెప్పేవారు.

"మా రోజుల్లో ఈ స్టాండులెక్కడివే తల్లీ. బడి వెనకాల తాడిచెట్ల మీదే గూళ్ళు పెట్టేవి. ఆ పక్షి పిల్లల గోలకి నా పాఠం ఎవరికీ వినపడేది కాదు."

"మరేం చేసేవారండి?"

"ఏం చేస్తాం. బడి పిల్లలూ నేనూ కిటికీ దగ్గర చేరి వాటినే చూసేవాళ్ళం. తర్వాత చెట్లు పోయాయి, పక్షులూ పోయాయి. ఎన్నో ఏళ్ళు ఒక్క గూడు కూడా చూడలేదు. మళ్ళీ ఇదిగో, ఇప్పుడు నీ నోట వింటున్నాను."

ఆ రోజు హెప్సిబా చూస్తుండగానే తల్లి పక్షి గూట్లో వాలింది. ముక్కు కింద పెద్ద సంచి వేలాడుతోంది. నోరు బార్లా తెరిచింది. అన్నిటికన్నా చిన్న పిల్ల ముందుకు వచ్చింది. అంతే, పిల్ల తల, మెడ తల్లి నోట్లోకి వెళ్ళిపోయాయి. బయట బుల్లి రెక్కలు టపటపా కొట్టుకున్నాయి.

హెప్సిబా గబుక్కున కెమెరా మూసేసి ఏలూరుకు ఫోన్ కలిపింది.

"మామ్మగారండీ, తల్లి పిల్లని మింగేసిందండి."

"నువ్వు చూశావా?"

"చూశానండి. చిన్నదాన్ని మింగేసింది." హెప్సిబాకు ఏడుపు వచ్చేసింది.

"సరేనమ్మా," అని ఆవిడ ఫోన్ పెట్టేశారు. ఆ రోజు పాత సంగతి ఏమీ చెప్పలేదు.

తాతయ్య కూరల సంచితో వచ్చేసరికి మనవరాలి ముఖం ఎర్రగా ఉంది. సంగతంతా విన్నాడు. పక్కనే కూర్చుని కెమెరా తెరిచాడు.

గూట్లో మూడు పిల్లలూ ఉన్నాయి.

"ఇదేంటి తాతయ్యా, ఇందాక నేను..."

"చూస్తూ ఉండు. భయమేసినా చూడు."

తల్లి మళ్ళీ నోరు తెరిచింది. చిన్నది మళ్ళీ తల దూర్చింది. హెప్సిబా కళ్ళు మూసుకోబోయి ఆగింది. కొంచెంసేపటికి పిల్ల తల బయటికి వచ్చింది. దాని నోట్లో చేప తోక ఆడుతోంది.

"తింటోందా?"

"మరి. తల్లి చేపల్ని గొంతులో దాచి తెస్తుంది. మీ అమ్మలా కంచంలో పెట్టి బతిమాలడం దానికి రాదుగా."

హెప్సిబాకు నవ్వు వచ్చింది. వెంటనే సిగ్గేసింది. మళ్ళీ ఏలూరుకు ఫోన్ చేసింది.

"మామ్మగారండీ, చిన్నది బతికే ఉందండి. తల్లి నోట్లోంచి చేప తింటూ బయటికి వచ్చిందండి. నేను చూశాను."

"ఇందాక కూడా చూశాననే చెప్పావు కదమ్మా." ఆవిడ గొంతులో కోపం లేదు. అదే హెప్సిబాకు ఇంకా కష్టంగా అనిపించింది. "ముసలిది బాధపడుతుందని మీ తాతయ్య చెప్పమన్నారు. అంతేగా? ఇక రోజూ చెయ్యకులే. నీకూ చదువుకునేది ఉంటుంది."

తాతయ్య చెప్పినా ఆవిడ నమ్మలేదు. ఆకివీడు మాస్టారు చెప్పినా నమ్మలేదు. "మీ ఇద్దరూ మొదట్నుంచీ ఇంతే. మంచి కబురు లేకపోతే ఒకటి తయారుచేస్తారు," అన్నారు. ఆవిడ కోడలు లిడియా తన ఫోన్‌లో చూసి మూడూ ఉన్నాయని చెప్పినా, "అలాగేలే" అని అటు తిరిగి పడుకున్నారట.

మర్నాడు సాయంత్రం హెప్సిబా గూడు చూసింది గానీ ఫోన్ చెయ్యలేదు. చెప్పడానికి మనిషి లేకపోతే కబురు ఎంత బాగున్నా ఏం లాభం?

ఆ తర్వాతి రోజు పొద్దు వాలుతుండగా ఒక గద్ద గూటి మీదికి దూసుకొచ్చింది. తల్లి పక్షి రెక్కలు విప్పి, పొడుగాటి ముక్కుతో తరిమింది. గద్ద పోయింది. గూట్లో రెండు పిల్లలే కనిపిస్తున్నాయి.

చెప్పకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఆవిడే వద్దన్నారు కూడా. కానీ ఆ గూడు ఆవిడది కాకుండా పోతుందా? హెప్సిబా కెమెరా మూయకుండానే అమ్మ ఫోన్‌లో నంబరు నొక్కింది.

"మామ్మగారండీ, నేనండి. గద్ద వచ్చింది. తల్లి తరిమేసింది. ఇప్పుడు రెండు పిల్లలే కనబడుతున్నాయండి."

"చిన్నదేదీ?" ఆవిడ వెంటనే అడిగారు.

"నాకు తెలీదండి. తల్లి రెక్క కింద ఉందో, గద్ద ఎత్తుకుపోయిందో. గద్ద కాళ్ళ వైపు నేను చూడలేదండి."

"ఫోన్ పెట్టెయ్యకు."

"పెట్టనండి. చూస్తూనే ఉన్నాను."

నీళ్ళ మీద వెలుగు తగ్గుతోంది. తల్లి కదలడం లేదు.

"ఇప్పుడో?"

"రెండేనండి. ఉందని చెప్పాలనే ఉంది మామ్మగారూ. కానీ నేను చూడలేదు."

"అయితే మొన్న అది చేప తింటూ బయటికి రావడం నిజమేనన్నమాట," అన్నారు మామ్మగారు మెల్లగా.

"నిజమేనండి."

"నమ్మాను తల్లీ."

హెప్సిబా మోచేత్తో కళ్ళు తుడుచుకుని, గూడు కనిపిస్తున్న ఫోన్‌ను ఇంకా దగ్గరికి పెట్టుకుంది.

"మామ్మగారండీ, రెక్క కింద ఏదో కదిలిందండి. ముక్కులా ఉంది. ఆగండి, బాగా చూసి చెబుతాను."

"చూడమ్మా. నాకేం తొందర లేదు."