విద్వాంసుడి చెవిలో వైరు

"ఏవండీ! ఆ పెద్దాయన కళ్ళజోడు అయిందా?"

జవాబు లేదు.

"మిమ్మల్నే! అద్దాలు కోసే మహానుభావా!"

ఊహూఁ. కళ్ళజోళ్ళ షాపులో వెనకవైపు బల్ల దగ్గర కూర్చున్న ఆ మహానుభావుడు మెషిన్ మీద అద్దం అంచు అరగదీస్తూ తన లోకంలో తానున్నాడు. ఎడమ చెవిలో తెల్లటి ఇయర్‌ఫోన్. దాని జత చొక్కా మీద వేలాడుతోంది. వైరు వెళ్ళి జేబుకు తగిలించిన మ్యూజిక్ ప్లేయర్‌లో దూరింది. అగ్గిపెట్టెంత కూడా లేదు ఆ ప్లేయర్. దాన్ని చూస్తేనే కౌంటర్‌లో ఉన్న ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

కౌంటర్ దగ్గర పెద్దాయన ముసిముసిగా నవ్వాడు. "పాటలు వింటున్నాడు కాబోలమ్మా. వయసలాంటిది."

"వయసు కాదండీ, పొగరు!"

విసవిసా వెళ్ళి బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. అతను ఉలిక్కిపడి తలెత్తాడు. తలెత్తి నవ్వాడు. వచ్చిన చిక్కల్లా అదే. ఆ నవ్వు చూడగానే, దారిపొడుగునా కూడబెట్టుకున్న తిట్లలో సగం ఎటు పోతాయో తెలియదు.

"చెప్పండి మేడమ్."

"చెప్పడం అయిపోయింది. షాపంతా విన్నారు, మీరు తప్ప. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు!"

అతని నవ్వు చప్పున ఆరిపోయింది. బల్ల సొరుగులోంచి కళ్ళజోడు తీసి ఇచ్చాడు. ఎప్పుడో అయిపోయింది, తుడిచి గుడ్డలో చుట్టి కూడా ఉంచాడు. పనిలో వంక పెట్టడానికి సూది మొనంత సందు దొరకదు. అది మరీ ఒళ్ళుమండే విషయం.

షాపు నాన్నది, కౌంటర్ ఆమెది. వెనక బల్ల దగ్గర పనిచేసే పాత మనిషి మానేశాక నాన్న ఇతన్ని తీసుకొచ్చాడు. కొన్నాళ్ళు చూసి, ఉంచాలో వద్దో తేలుద్దామన్నాడు. ఆ తేల్చే పని కూడా, "నీతోనే కదా అతనికి పని, నువ్వే చెప్పు తల్లీ," అని కూతురి నెత్తిన పెట్టాడు. అతను వచ్చిన వారానికే ఆమె అతనికి "సంగీత విద్వాంసుడు" అని పేరు పెట్టేసింది. ఇంతవరకూ అతను ఏ పాటా కనీసం కూనిరాగం తీయగా కూడా వినలేదు. అంత గొప్పగా వింటున్నదేమిటో ఆ దేవుడికే తెలియాలి.

ఇందులో దాచేదేముంది, అతనంటే ఆమెకి ఇష్టం. కళ్ళజోడు వద్దని గుక్కపెట్టి ఏడుస్తున్న చిన్నపాప ముందు, ఆ పాప గులాబీరంగు ఫ్రేమే తన ముక్కు మీద పెట్టుకుని కూర్చున్న రోజునుంచీ ఇష్టం. అంత చిరాకు తెప్పించే మనిషి మీద ఇష్టం కలగడం ఏం ఖర్మో ఆమెకు అర్థం కాలేదు.

ఆ మంగళవారం షాపు మూసే వేళకి వాన పట్టుకుంది. నాన్న ముందే ఇంటికి వెళ్ళిపోయాడు. షట్టర్ దించి ఇద్దరూ బయట రేకు కింద నిలబడ్డారు. పైన రేకు మీద చినుకులు దడదడలాడుతున్నాయి. వీధి దీపం కింద నీళ్ళు పసుపుపచ్చగా పారుతున్నాయి. అతను వానకేసి చూస్తున్నాడు, ఆమె అతనికేసి చూస్తోంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనుకుంది. ఊపిరి బిగబట్టి, వాన హోరు మీదుగా అడిగేసింది.

"ఆదివారం నాతో సినిమాకి వస్తారా?"

అతను తల తిప్పలేదు. ఆమె గుండె మాత్రం రేకు కన్నా గట్టిగా కొట్టుకుంటోంది. కాసేపటికి, "వాన తగ్గేలా లేదు మేడమ్. నేను వెళ్తాను," అనేసి, ఆ హోరువానలోకి దిగి తడుస్తూ వెళ్ళిపోయాడు. చెవిలో ఆ వెధవ వైరు అలాగే ఉంది.

దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారే, అది ఆ రోజు కళ్ళారా చూసింది. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"నాన్నా, అతను మనకొద్దు," అంది ఇంటికి రాగానే, తల తుడుచుకుంటూ.

"అదేంటి? చెయ్యి మంచిదన్నావుగా?"

"చెయ్యి మంచిదే. మనిషితోనే చిక్కు. పిలిస్తే పలకడు. గోడకి చెప్పినా ఒకటే, అతనికి చెప్పినా ఒకటే."

నాన్న కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "సరే. శనివారం చెప్పేస్తాను. ఈలోగా మనసు మారితే చెప్పు."

"మారదు."

శుక్రవారం మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. అతను మెషిన్ నడుపుతున్నాడు. రెండుసార్లు పిలిచింది. యథాప్రకారం ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇక ఓపిక చచ్చింది. నేరుగా వెళ్ళి అతని చెవిలోని ఇయర్‌ఫోన్ లాగేసింది.

"అంత గొప్ప పాటేంటో నేనూ వింటాను!"

"మేడమ్, వద్దు..."

అప్పటికే తన చెవిలో పెట్టేసుకుంది. ఏమీ లేదు. బటన్ నొక్కింది. పక్కదీ నొక్కింది. ప్లేయర్ బుల్లి స్క్రీను నల్లగా ఉంది.

"చార్జింగ్ లేదా?"

"లేదు."

"ఎప్పుడయిపోయింది?"

"రెండేళ్ళయింది మేడమ్."

ఆమె ఇయర్‌ఫోన్ చెవిలోంచి తీసేసింది. అతను కుర్చీ తిప్పి, కుడి చెవి ఆమె వైపుకి వచ్చేలా కూర్చున్నాడు. అలా కూర్చోవడం ఇదే మొదటిసారి.

"ఎడమ చెవి పనిచేయదు. జ్వరం వచ్చి తగ్గింది, చెవి మాత్రం పోయింది. ఇది పెట్టుకుంటే, పాటలు వింటూ పలకడం లేదని తిడతారు. పెట్టుకోకపోతే అయ్యో పాపం అంటారు. రెండూ రుచి చూశాను మేడమ్. తిట్లే నయం."

శంఖం సామెత గుర్తొచ్చి ఆమె నాలుక కరుచుకుంది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. అయితే మొన్న వానలో అతనికి వినపడనే లేదు! తనని కాదనలేదు! గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. దిగిన మరుక్షణం శనివారం గుర్తొచ్చింది. దాంతో కోపం ముంచుకొచ్చింది.

"ముందే చెప్పడానికేం? ఈ షాపుకొచ్చే ఒక్కళ్ళకైనా కళ్ళు తిన్నగా కనిపిస్తాయా? ముక్కు మీద అద్దాలు పెట్టుకుని, పైగా ఈ రంగు నాకు నప్పిందా అని అడుగుతారు. వాళ్ళకి లేని సిగ్గు నీకెందుకు?"

"మీరు" ఎప్పుడు "నువ్వు" అయిందో ఇద్దరూ గమనించలేదు.

"కళ్ళజోడు పెట్టుకుంటే చదువుకున్నవాడంటారు. చెవుడంటే చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడతారు మేడమ్."

దానికి ఆమె ఇంకా గట్టిగా అరిచింది. "అయితే వెళ్ళి నాన్నకి చెప్పు. రేపు నిన్ను మానిపించేస్తున్నారు!"

"ఎందుకు?"

"నేనే చెప్పాను కాబట్టి!"

అతను మెషిన్ మీద పొడి తుడిచాడు. "సరే మేడమ్."

"సరే ఏంటి సరే! నేను మాట్లాడతాను నాన్నతో."

"వద్దు. జాలిపడి ఇచ్చే ఉద్యోగం నాకొద్దు. నా చెవి సంగతి చెప్పనని మాటివ్వండి."

వాదించింది, బతిమాలింది, బల్ల చరిచింది. గోడని కదిలించొచ్చు కానీ ఇతన్ని కదిలించలేం. చివరికి పళ్ళు నూరుకుంటూ మాటిచ్చింది. ఇచ్చి, ప్లేయర్ చేతిలోకి తీసుకుంది.

"రెండో చెవితోనైనా పాటలు వినొచ్చుగా?"

"విన్నాను. సగం పాటే వస్తుంది. గొంతు కుడివైపు ఉంటే వేణువు ఎడమవైపు ఉంటుంది. మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు మా అక్క ఏరి ఏరి ఎక్కించి ఇచ్చిన పాటలవి. నాకు బాగా ఇష్టమైన పాటలో వేణువే లేకుండా పోయింది. ఏడుపొచ్చి ఆపేశాను."

ఆమె ప్లేయర్‌ని సంచిలో పడేసుకుంది.

"మేడమ్, అది లేకుండా నేను..."

"ఒక్కపూట బోసి చెవితో బతుకు, చచ్చిపోవు!"

ఇంటికెళ్ళి చూస్తే దానికి పట్టే చార్జింగ్ వైరు ఈ కాలపుది కాదు. సొరుగు నిండా వైర్లే, ఒక్కటీ దూరదు. పక్కింటివాళ్ళ పాత కెమెరా వైరు అడిగి తెచ్చింది. ఎంతసేపటికో ఆ బుల్లి స్క్రీను నీలంగా వెలిగింది. ఇక బటన్లా, కందిగింజలంత ఉన్నాయి. పాట కోసం నొక్కితే రేడియో వస్తోంది, వెనక్కి రావడానికి నొక్కితే ఆరిపోతోంది. దాన్ని కనిపెట్టినవాణ్ణి, దాన్ని జేబుకు తగిలించుకు తిరిగేవాణ్ణి కలిపి తిట్టింది. పాటలో కుడివైపుదీ ఎడమవైపుదీ కలిపి ఒకటి చేసే దారి ప్లేయర్‌లో లేదు. పాటలన్నీ కంప్యూటర్‌లోకి దింపి, ఒక్కొక్కటీ కలిపి, మళ్ళీ ఎక్కించింది.

"ఏంటే ఆ కుస్తీ?" అన్నాడు నాన్న.

"పాటలు."

"ఎవరివి?"

"ఎవరివైతే మీకెందుకు నాన్నా!"

మర్నాడు పొద్దున్న, నాన్న ఇంకా రాకముందే అతని ముందు నిలబడి ఇయర్‌ఫోన్ చేతిలో పెట్టింది. "కుడి చెవికి పెట్టుకో. మాట్లాడకుండా విను."

పెట్టుకున్నాడు. ముందు మామూలుగానే విన్నాడు. తర్వాత చేతిలో ఉన్న అద్దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. కళ్ళు నిండిపోయాయి.

"వేణువు..." అన్నాడు.

"ఉంది. ఎటూ పోలేదు. రెండు వైపులవీ కలిపేశాను. ప్రాణం తోడేసింది నీ డబ్బా."

పాట ఆఖరిదాకా విన్నాడు. ఇయర్‌ఫోన్ తీశాడు. ఏదో నిశ్చయించుకున్నవాడిలా లేచి నిలబడ్డాడు.

"మేడమ్, ఇంత చేశాక మీ దగ్గర దాచకూడదు. ఆ రోజు వానలో మీరడిగింది నాకు వినపడింది."

"ఏంటీ?"

"వానకి మీరు బాగా గట్టిగా అరిచారు. ఎదురు షాపువాళ్ళకి కూడా వినపడే ఉంటుంది."

"వినపడి కూడా, పలకకుండా, వానలో దిగి వెళ్ళిపోయావా!"

"చెవి సంగతి చెప్పకుండా వస్తానంటే మోసం. చెప్పాక మీరు రమ్మంటే అది జాలి. ఏం చేయాలో తోచలేదు. చెవిలో వైరుంది కదా, వినపడనట్టు వెళ్ళిపోయాను."

"జాలా? నీ మీదా? నిన్ను తిట్టీ తిట్టీ నా గొంతు పోయింది, జాలిపడితే నా మీద పడాలి ఎవరైనా! ఆ రాత్రంతా నేనెంత ఏడ్చానో తెలుసా? నువ్వంటే ఇష్టం కాబట్టి అడిగాను. ఇప్పటికీ ఇష్టమే. దానికే ఒళ్ళు మండిపోతోంది నాకు!"

గుమ్మంలో దగ్గు వినపడింది. నాన్న.

ఎంతసేపటినుంచి నిలబడ్డాడో ఆయన మొహం చూస్తే తెలియడం లేదు. తాపీగా లోపలికొచ్చి సంచి కౌంటర్ మీద పెట్టాడు. "బాబూ, నీతో ఒక మాట చెప్పాలి."

ఆమె అతని వైపు చూసింది. మాటిచ్చింది కనుక నోరు విప్పడానికి లేదు. ఇతను "సరే సార్" అన్నాడంటే ఈ గుమ్మం దాటి వెళ్ళిపోతాడు. పెదవి కొరుక్కుని నిలబడింది.

"ముందు నేను చెప్పాలి సార్," అన్నాడు అతను. "నాకు ఎడమ చెవి వినపడదు. ఆ సంగతి తెలియకూడదనే ఈ వైరు పెట్టుకుంటున్నాను. చెప్పకుండా చేరడం తప్పే. కానీ మేడమ్ పిలిస్తే పలకనిది పొగరుతో కాదు."

నాన్న అతన్ని చూశాడు. బల్లని చూశాడు. కౌంటర్‌ని చూశాడు.

"ఎడమదా?"

"అవును సార్."

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ముందే చెప్పి ఏడవొచ్చుగా! ఆ ఎడమ చెవిని సరిగ్గా కౌంటర్ వైపు పెట్టి కూర్చోబెట్టాం నిన్ను. బల్ల ఇటు తిప్పితే సరిపోయేది. ప్లగ్గు అందుతుందో లేదో మరి..." ఆయన అప్పుడే వంగి బల్ల కింద చూస్తున్నాడు.

"అంటే... నన్ను ఉంచుకుంటున్నారా సార్?"

"నన్నడుగుతావేం? వద్దన్నది అది. దాన్నడుగు."

ఇద్దరూ ఆమెకేసి తిరిగారు.

"ఉండనీ," అంది ఆమె.

"ఎందుకట?" నాన్న బల్ల కిందనుంచి.

"పని బాగా చేస్తాడు."

"అంతేనా? గుమ్మంలో నాకింకేదో వినపడింది."

ఆమె మొహం కందగడ్డైంది. అతను గొంతు సవరించుకున్నాడు. "సార్, రేపు ఆదివారం మేడమ్‌తో సినిమాకి వెళ్ళొచ్చా?"

"ఆయన్నెందుకు అడగడం? వచ్చేది నేను!" అంది ఆమె.

"మిమ్మల్ని అడగడానికేముంది? మీరే ముందు అడిగారు. నేను జవాబే బాకీ. వస్తాను."

"ఇన్ని రోజులకా?"

"వానలో నడుస్తున్నంతసేపూ వస్తాననే అనుకుంటూ నడిచాను. మీరంటే నాకూ ఇష్టం."

ఆమె నాన్న పక్కనే ఉన్నాడన్న జంకు కూడా లేకుండా, దాపరికం లేని గొంతుతో అనేశాడు. ఆమెకి ఏడుపొచ్చింది. ఇన్ని రోజులు ఏడిపించింది చాలక మళ్ళీ ఏడిపిస్తున్నందుకు అతన్ని ఇంకోటి తిడదామనుకుంది. ఒక్క తిట్టూ దొరకలేదు.

"సరే సరే," అన్నాడు నాన్న, లేచి నడుం పట్టుకుని. "రేపటి సంగతి రేపు. షాపు తెరిచే వేళయింది. ఇద్దరూ వచ్చి ఈ బల్ల చెరో వైపు పట్టండి."