ఏడో నంబరు వస్తువు

పన్నెండూ పదికి విమానం లేచేలోగా కావలసిన పనులు:

ఒకటి, మనిషికి వైద్య పరీక్ష. ప్రయాణానికి పనికొస్తాడన్న సర్టిఫికెట్.

రెండు, డిపోర్టేషన్ ఆర్డరు అతని భాషలో చదివి వినిపించడం. కింద దుబాసీ సంతకం.

మూడు, సొంత వస్తువులు లిస్టు ప్రకారం అప్పగించి రసీదు తీసుకోవడం.

నాలుగు, రెండు వ్యాన్లు. ఖాళీది వంతెన మీదుగా, అసలుది పాత రైలుగేటు దారిన. పదీ నలభై ఐదుకల్లా రెండూ కదలాలి.

ఐదు, ముప్పై ఒకటో వరసలో కిటికీ సీటు. పక్క సీట్లో మన మనిషి.

ఆరు, ఆ కిటికీ సీట్లో అతను ప్రాణాలతో కూర్చోవడం.

"ఐదింటికీ ఫారాలున్నాయి," అన్నాడు పెద్దాయన కాగితం మడుస్తూ. "ఆరోదానికి లేదు. అందుకే నిన్ను పిలిచా."

ఎదురుగా కూర్చున్న ఏజెంటును డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'పెళ్ళికొడుకు' అంటారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇస్త్రీ నలిగిన చొక్కాతో ఒక్కరోజు కూడా కనబడలేదు మరి. నిజానికి అతనికి నలభై ఎనిమిదేళ్ళు, బీపీ, ఇద్దరు కూతుళ్ళు.

"తెలియక అడుగుతున్నా సార్. వాడు పోతే మనకేంటి నష్టం?"

"బతికున్న మైకు ఒక్క చోటే మోగుతుందిరా. చచ్చిన మైకు ఊరూరా మోగుతుంది."

మైకు అంటే ఆ మనిషే. మూడేళ్ళ కిందట విజిటర్ వీసా మీద దిగాడు. మైకు లేకపోయినా పదివేల మందికి వినబడే గొంతు. పోయిన ఏడాది ఒక సాయంత్రం అతను మాట్లాడి దిగిపోయిన గంటకి మిల్లు వెనక వీధి తగలబడింది. తొమ్మిది మంది పోయారు. వీసా రద్దయింది, అతన్ని డిటెన్షన్ సెంటర్‌లో పెట్టారు. తొంభై నాలుగు రోజుల తర్వాత, నిన్న సాయంత్రం, ఆఖరి అప్పీలు కూడా కోర్టు కొట్టేసింది.

అతన్ని వెనక ఉండి ఆడించిన విదేశీ ముఠా ఈలోగా ఇంకో లెక్క వేసుకుంది. సర్కారు కస్టడీలో ఉండగానే మైకు చనిపోవాలి. 'చంపేశారు' అన్న కరపత్రాలు ఇప్పటికే అచ్చయి ఐదు నగరాలకు చేరాయి. అందుబాటులో చావు ఒక్కటే లేదు.

"వంతెన మీద కాపు కాస్తారట. కబురు ఎవరిదో తెలుసుగా?"

తెలుసు. సెంటర్‌లో పనిచేసే దుబాసీ. ఆకుపచ్చ సిల్కు స్కార్ఫు, ముత్యాల దుద్దులు, ఐదు భాషలు. ఆమె కారిడార్లో నడిచొస్తే గార్డులు ఊపిరి బిగబట్టి పొట్టలు లోపలికి లాక్కుంటారు. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటుంది. ఏడాదిగా ఆమె డిపార్ట్‌మెంటుకు కబుర్లు మోస్తోంది. ఒక్కటీ తప్పు పోలేదు.

పదింటికల్లా పెళ్ళికొడుకు తెల్లకోటు వేసుకుని, అతికించిన గడ్డంతో, మెడికల్ ఎస్కార్ట్‌గా సెంటర్ లోపల ఉన్నాడు. మెడలో స్టెతస్కోపు మామూలుది కాదు. చెవిలో పెట్టుకుంటే పెద్దాయన గొంతు వినబడుతుంది. జేబులో పెన్ను కూడా మామూలుది కాదు. పేలుడు మందు వాసన తగిలితే ఎర్రగా వెలుగుతుంది, లేకపోతే పచ్చగా.

కారిడార్లో దుబాసీ ఎదురొచ్చింది.

"నా కళ్ళజోడు ఎక్కడైనా చూశారా?" అన్నాడు. కోడ్.

"మీ నెత్తి మీదే ఉంది, డాక్టర్ గారూ," అంది నవ్వుతూ. అదీ కోడే. తర్వాత గొంతు తగ్గించి, "వంతెన. ఇద్దరు. బైకు మీద. నేను వ్యాన్లో రాను, తల పగిలిపోతోంది. ఇక్కడ సంతకం పెట్టి ఇంటికి పోతా."

పదీ ముప్పై ఐదుకి మైకును ప్రాపర్టీ కౌంటర్ దగ్గరికి తెచ్చారు. పక్కన ఇద్దరు గార్డులు, వెనక డాక్టరు, కుడిపక్క దుబాసీ. మూడేళ్ళుగా ఈ దేశపు భాషలోనే నిప్పులు కక్కినవాడు, కాగితాల దగ్గరికొచ్చేసరికి దుబాసీ కావాల్సిందే అంటాడు. హక్కు కదా.

కౌంటర్ అంటే ఇనుప ఊచల కిటికీ. ఊచల వెనక ఒకావిడ. సెంటర్ మొత్తం ఆవిడను 'స్టాంపక్క' అంటుంది. వచ్చినవాళ్ళ దగ్గర ఉన్నదల్లా లిస్టు రాసి, సంచిలో వేసి, తీగతో కట్టి సీసం సీలు వేయడం, పోయేటప్పుడు ఒక్కొక్కటే చదివి ఇవ్వడం ఆవిడ పని. పదకొండేళ్ళుగా అదే పని. సీలు తీగ తెంచే కటింగ్ ప్లేయర్ గొలుసుతో బల్లకు కట్టేసి ఉంది. విడిగా ఉంచితే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారని.

"ఒకటి. కోటు, నల్లది. మూడో గుండీ లేదు. ఔనా?"

దుబాసీ అతని భాషలో చెప్పింది. మైకు తలూపాడు. స్టాంపక్క టిక్కు పెట్టింది.

"రెండు. దువ్వెన."

"అక్కా, విమానం ఉంది," అంది దుబాసీ. "అన్నీ ఒకేసారి ఇచ్చేయకూడదూ?"

"అన్నీ ఒకేసారి రాసుకోలేదుగా తల్లీ. ఒక్కొక్కటే రాశాను. మూడు. చెప్పులు, ఒక జత. ఎడమది కుట్టించింది."

పెళ్ళికొడుకు స్టెతస్కోపు చెవిలో పెట్టుకుని మైకు ఛాతీ మీద ఆనించాడు. 'ఏం చేస్తున్నావురా? వంతెన దగ్గర మనవాళ్ళు ఎండలో మాడిపోతున్నారు!' అని పెద్దాయన అరిచాడు.

"ఇది మూడోసారి నా గుండె చూడటం," అన్నాడు మైకు, ఈసారి దుబాసీ లేకుండానే. "ఏమైనా దొరికిందా?"

"ఉన్నట్టే ఉంది," అన్నాడు డాక్టరు.

సంచిలోంచి గడియారం బయటికి రాగానే మైకు చెయ్యి చాచి తీసుకున్నాడు. అది అతని తండ్రిది. ప్రతి సభలోనూ మణికట్టు ఎత్తి చూపించేవాడు: మా నాన్నను కాల్చిన నిమిషానికి ఆగింది, అని. దాన్ని చూసి జనం ఊగిపోయేవారు. ఇప్పుడు కూడా కెమెరా ముందు పెట్టుకున్నట్టు తల ఎత్తి, దానివైపు చూడకుండానే పెట్టుకుని, బకిల్ నొక్కాడు. పెళ్ళికొడుకు అలవాటుకొద్దీ పెన్ను దగ్గరగా పెట్టి చూశాడు. పచ్చగా వెలిగింది.

"ఏడు," అని చదివింది స్టాంపక్క. "చేతి గడియారం. కీ ఇచ్చేది. తోలు పట్టీ. అద్దం మీద గీత. నాలుగూ ఇరవై దగ్గర ఆగి ఉంది. ఔనా?"

"ఔనౌను, ఎనిమిది చదువక్కా," అంది దుబాసీ.

స్టాంపక్క చదవలేదు. కళ్ళద్దాలు సర్దుకుని ఊచల్లోంచి తొంగిచూసింది.

"చెయ్యి ఇటు చూపించండి సార్. ఇది నడుస్తోందేంటి?"

"నడిస్తే మంచిదేగా!" దుబాసీ నవ్వింది. "ఆగింది నడిస్తే ఏడుస్తారేంటక్కా!"

"నేను రాసింది ఆగిన గడియారం. సంచిలో పడుకున్నదానికి కీ ఎవరిచ్చారు? ఇది నా లిస్టులోది కాదు. దీనికి సంతకం పెట్టను."

పెళ్ళికొడుకుకు ఒళ్ళు మండింది. టైము పదీ యాభై నాలుగు. వ్యాన్లు తొమ్మిది నిమిషాల కిందటే కదలాలి. గడియారం తిరుగుతోందని ఒక గుమాస్తా డిపోర్టేషన్ ఆపుతోంది! "అమ్మా, ఆ ఒక్కటీ వదిలేయండి..." అనబోయాడు. అప్పుడే దుబాసీ గోడ గడియారం వైపు చూసింది. ఇందాకటి నుంచి అది నాలుగోసారి.

ఇంటికెళ్ళి పడుకునే మనిషికి నిమిషాలతో పనేముంది?

"ఈ సంచి ఎవరైనా తెరిచారా?" అన్నాడు నెమ్మదిగా.

స్టాంపక్క రిజిస్టరు తిప్పింది. "నిన్న రాత్రి షిఫ్టులో. లాయరుగారికి ఏదో కాగితం కావాలని. ఉత్తరం తెచ్చింది ఈవిడే. ఇదిగో సంతకం."

ఆకుపచ్చ స్కార్ఫు తలుపు వైపు కదిలింది. గార్డు పొట్ట లోపలికి లాక్కోవడం మరిచిపోయి అడ్డం నిలబడ్డాడు. పెళ్ళికొడుకు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఎన్నింటికి?"

ఆమె కళ్ళు ఐదోసారి గోడ మీదికి, పన్నెండుకు దగ్గరపడుతున్న పెద్ద ముల్లు మీదికి పోయాయి. పదీ యాభై ఏడు. అంటే పదకొండింటికి. అనుకున్నట్టు బయలుదేరి ఉంటే, ఆ సమయానికి వ్యాను పాత రైలుగేటు దగ్గర ఉండేది. వంతెన కబురు వంతెన కోసం కానే కాదు. అందరి కళ్ళూ రోడ్డు మీద ఉండటానికి.

"సార్, ఆ గడియారం విప్పేయండి!" అని మైకు మీద అరిచాడు పెళ్ళికొడుకు.

మైకు బకిల్ లాగాడు. ఊడలేదు. రెండో చేత్తో లాగాడు. ఒకసారి నొక్కితే మళ్ళీ తెరుచుకోని బకిల్ అది. పెళ్ళికొడుకు గోళ్ళతో పట్టీ చీల్చబోతే తోలు కింద ఉక్కు తీగ తగిలింది.

"అది పేలదు," అంది దుబాసీ, మొదటిసారి నవ్వు లేకుండా. "విషపు సూది. చాలా సన్నది. మీ పెన్నుకు తెలియదు."

పదివేల మందికి వినబడే గొంతు ఎక్కడికో పోయింది. "తీయండి... ఎవరైనా తీయండి..." అన్నాడు మైకు, పక్కవాడికి కూడా సరిగ్గా వినబడకుండా.

"చెయ్యి లోపల పెట్టండి," అంది స్టాంపక్క.

ఆవిడ చేతిలో కటింగ్ ప్లేయర్ ఉంది. గొలుసు పొట్టిది, కిటికీ దాటి రాదు. మైకు ఊచల మధ్య చెయ్యి దూర్చాడు. మోచెయ్యి దగ్గర ఇరుక్కుంది. గార్డు వెనక నుంచి తోశాడు. ఆవిడ పట్టీ కిందికి ప్లేయర్ మూతి జొనిపి నొక్కింది. తోలు తెగింది. తీగ తెగలేదు.

"తొందరగా కానివ్వమ్మా!"

"మీరు అరిస్తే తీగ తెగుతుందా డాక్టర్ గారూ? ఊరుకోండి."

పదీ యాభై తొమ్మిది. రెండు చేతులతో పట్టుకుని, బల్లకు మోకాలు ఆనించి, బలమంతా పెట్టి నొక్కింది. తీగ టప్పున తెగింది. పట్టీ కొస పట్టుకుని గడియారాన్ని లాగి సీసం ముక్కల రేకు డబ్బాలో పడేసి మూత పెట్టింది.

డబ్బా లోపల ఎవరో గోటితో మీటినట్టు చిన్న చప్పుడు.

మైకు చెయ్యి ఇంకా ఊచల్లోనే ఉంది.

"ఎవరు?" అన్నాడు చివరికి.

"మీవాళ్ళే," అన్నాడు పెళ్ళికొడుకు. "కరపత్రాలు కూడా వేయించారు. ఫొటో బాగా వచ్చిందట."

దుబాసీని తీసుకుపోయారు. పోతూ పోతూ ఆమె స్టాంపక్క వైపు ఒక చూపు చూసింది. ఏడాదిపాటు డిపార్ట్‌మెంటునీ సెంటర్‌నీ బొమ్మల్లా ఆడించిన మనిషి ఈ ఒక్క కిటికీనీ లెక్కలోకి తీసుకోలేదు.

మైకు గొంతు సవరించుకున్నాడు. "నీ పేరేంటమ్మా?"

"ఎందుకు సార్, ఉపన్యాసంలో చెప్పడానికా? ఏడో నంబరు అందలేదని రాశాను. ఇక్కడ సంతకం పెట్టండి. ఫిర్యాదు చేసుకోవచ్చు, ఇదిగో ఫారం. మీ హక్కు. ఎనిమిది. చేతిరుమాళ్ళు, రెండు."

అతను పెట్టాడు. పదకొండో వస్తువు దాకా ఒక్క మాట లేకుండా అన్నిటికీ పెట్టాడు.

వ్యాను ఇంజను మోగుతుండగా పెళ్ళికొడుకు ఒక్క క్షణం కిటికీ దగ్గర ఆగాడు. లోపల స్టాంపక్క కటింగ్ ప్లేయర్ తుడిచి దాని చోట పెడుతోంది.

"మీ ఇల్లెక్కడమ్మా?"

"మిల్లు వెనక వీధి."

అతను మెడలోని స్టెతస్కోపు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మా తమ్ముడు ఆ తొమ్మిది మందిలో ఒకడు," అంది ఆవిడే. "వాడికి ముప్పై రెండు. ఈ మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది."

"మరి... ఊరుకుని ఉంటే సరిపోయేదిగా. ఎవరికి తెలిసేది?"

"మా నాన్న వేలిముద్ర మనిషండీ. ఎవరు ఏ కాగితం పెడితే దాని మీద వేలు నొక్కాడు. ఉన్నదంతా అలాగే పోయింది. మా ఇంట్లో సంతకం నేర్చుకున్నది నేనొక్కదాన్నే. చూడకుండా పెట్టడం నాకు చేతకాదు." కాస్త ఆగి, "వీడు పోతే మళ్ళీ అంటుకునేది కూడా మా వీధేగా," అంది. "వెళ్ళండి, లేటవుతోంది."

విమానం పన్నెండూ పదికే లేచింది. ముప్పై ఒకటో వరసలో కిటికీ పక్కన మైకు ప్రాణాలతో కూర్చున్నాడు. దారి పొడుగునా బోసి మణికట్టు చూసుకుంటూనే ఉన్నాడట. ఐదు నగరాల్లో కరపత్రాలు కట్టలు విప్పకుండానే చిత్తుకాగితాలకు పోయాయి. మిల్లు వెనక వీధిలో ఆ సాయంత్రం పిల్లలు బంతి ఆడుకున్నారు.

ఆపరేషన్ రహస్యం కాబట్టి రిపోర్టులో ఎవరి పేరూ లేదు. 'సమయస్ఫూర్తి' అన్న మాట పెద్దాయన ఖాతాలో మూడుసార్లు వచ్చింది. వ్యాన్లు ఇరవై ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా కదిలినందుకు సంజాయిషీ కోరుతూ ప్రాపర్టీ కౌంటర్‌కు ఒక మెమో వచ్చింది. ఆవిడ దాన్ని పూర్తిగా చదివి, అందినట్టు సంతకం పెట్టింది.

మైకు మీకు ఎలాగూ గుర్తుంటాడు, ఎక్కడో ఒకచోట మళ్ళీ మోగుతాడు. ఊచల వెనక కూర్చున్న ఆ అక్కను కూడా, దయచేసి, కాస్త గుర్తుపెట్టుకోండి. మెమో తప్ప ఆవిడ గురించి ఇంకెక్కడా రాసి లేదు.