ఆగిపోయిన రెక్కలు

"మా తమ్ముణ్ణి రేపు పొద్దున సైనిక కోర్టుకి అప్పగిస్తారట. మీరే దిక్కు" అంది నర్సు, డిటెక్టివ్ ఎదుట కుర్చీ అంచున కూర్చుని.

ఆమె తమ్ముడు పంపు మెకానిక్. యుద్ధం జరుగుతున్న ఊళ్లో సహాయసంస్థ తరఫున మంచినీటి పంపులు బాగుచేస్తాడు. తీరిక దొరికితే సైనిక హెలికాప్టర్లను ఫొటో తీయడం అతని పిచ్చి. ఊరి మీదుగా ఎగిరేవాటిని తీసుకోవచ్చు, స్థావరంలో తీస్తే గూఢచర్యమే. అతను అదే చేస్తున్నాడని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. సైనికులు అతని కెమెరా వెతికితే స్థావరంలోంచి లేస్తున్న హెలికాప్టర్ ఫొటో దొరికింది. నేను తీయలేదు మొర్రో అన్నా వినే నాథుడు లేడు.

డిటెక్టివ్ వెంటనే బయల్దేరాడు. గురువుగారు తుమ్మినా అందులో ఆధారం ఉంటుందని నమ్మే సహాయకుడు సంచీ పట్టుకుని వెనకే నడిచాడు.

మెకానిక్‌తో పాటు అతనుండే ఇంట్లో వ్యాను డ్రైవరు, పత్రికా ఫొటోగ్రాఫరు ఉంటున్నారు. ముగ్గురికీ స్థావరంలోకి పాసులున్నాయి. మెకానిక్ కెమెరా వంటగది తలుపు వెనక మేకుకు వేలాడేదని, ఎవరైనా తీసుకోవచ్చని డ్రైవరు చెప్పాడు. తనకైతే బటన్ నొక్కడం తప్ప ఏమీ రాదన్నాడు.

మెకానిక్ గది గోడ నిండా హెలికాప్టర్లే. ప్రతి ఫొటోలోనూ రెక్కలు గుండ్రంగా, పొగలా చెదిరి ఉన్నాయి.

"రెక్క ఆగినట్టు కనిపిస్తే అది ఎగురుతున్నట్టుండదు, తాడుకి వేలాడదీసినట్టుంటుందని మావాడి చాదస్తం" అంది నర్సు. "ఒక్కటి కుదరడానికి వంద పాడుచేస్తాడు."

మధ్యలో పత్రిక మొదటి పేజీ అంటించి ఉంది. అందులోనూ మెకానిక్ తీసిన ఫొటోయే.

"ఇరవై ఏళ్లుగా యుద్ధాల్లో తిరుగుతున్నాను" అన్నాడు ఫొటోగ్రాఫరు. "నాది ఆరో పేజీలో వేసి, పంపులు బిగించేవాడిది మొదటి పేజీలో వేశారు. అదృష్టవంతుడు." నవ్వాడు గానీ పళ్లు బిగించే నవ్వాడు.

సాయంత్రం డిటెక్టివ్ అందరినీ వంటగదిలో కూర్చోబెట్టాడు. సైనికాధికారి తెచ్చిన ఫొటోను బల్ల మీద పెట్టాడు.

"ఇందులో రెక్కలు కరెంటు పోయిన ఫ్యానులా ఆగి ఉన్నాయి. ఇది మెకానిక్ పని కాదు. ఎవరో చేతకానివాడు తీశాడు, డ్రైవరే అయ్యుండాలి."

డ్రైవరు తెల్లబోయాడు. సహాయకుడికీ మతిపోయింది.

"చేతకానివాడా?" ఫొటోగ్రాఫరు ముందుకు వంగాడు. "రెక్క అంచు మీద గీత కూడా కనిపిస్తోంది చూడండి. కెమెరాలో అంత షట్టర్ వేగం పెట్టి, గురి తప్పకుండా తీయడం డ్రైవరు వల్ల అవుతుందా?"

"ఎవరి వల్ల అవుతుంది?" అన్నాడు డిటెక్టివ్ మెల్లగా.

ఫొటోగ్రాఫరు వెనక్కి జరిగాడు. డిటెక్టివ్ అధికారి వైపు తిరిగాడు. మెకానిక్ రెక్కలను తిరగనిస్తాడని, వార్తలు తీసే చెయ్యి అన్నిటినీ ఆపేస్తుందని చెప్పాడు. కెమెరా పరాయిదైనా అలవాటు సొంతదే. ఉత్తరం రాసిన చెయ్యీ అదేనన్నాడు.

"నాలుగు నెలలు ప్రయత్నించాను" అన్నాడు ఫొటోగ్రాఫరు, తల దించుకుని. "వాడిలా ఒక్కటీ రాలేదు. కళ్లల్లో నిప్పులు పోసుకున్నట్టుండేది."

మర్నాడు పొద్దున మెకానిక్ విడుదలయ్యాడు. అక్క దారంతా జరిగింది చెప్పింది.

"అడిగుంటే నేర్పేవాణ్ణి కదక్కా" అన్నాడు అతను, అంతా విని.