ముందు సీటు

మార్కాపురంలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఎవరికీ ఏ పనీ ఉండదు. పుల్లలచెరువు నుంచీ అర్ధవీడు నుంచీ విత్తనాలకు వచ్చే రైతులు వాన పడితేగాని రారు. అందుకని మా ఆయన ఉమామహేశ్వర్లు ఎండ ముదరగానే దుకాణం మూసి ఇంటికొస్తారు. అన్నం తింటారు. చెయ్యి కడుక్కుని, నాతో ఒక్క మాట కూడా అనకుండా పెరట్లోని షెడ్డులోకి పోయి కారులో కూర్చుంటారు.

కారు ఎక్కడికీ పోదు. అద్దాలన్నీ ఎత్తేసి స్టీరియో పెడతారు. వంటింటి కిటికీలోంచి నాకంతా కనిపిస్తుంది. నీలం దీపం వెలుగుతుంది. ఆయన తల ఊపుతారు, స్టీరింగు మీద వేళ్ళతో దరువు వేస్తారు, ఒక్కోసారి నవ్వుతారు కూడా.

ఆ స్టీరియో మోగదు. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ అది మోగగా నేను వినలేదు.

మోగే రోజుల్లో విన్నది కామేశ్వరి. ఆయన మొదటి భార్య. జ్వరంతో పోయింది. సీటు కింద యాంప్లిఫయరూ, తలుపుల్లో పెద్ద స్పీకర్లూ ఆమె ముచ్చటపడితే పెట్టించారట. ఈ ఇంట్లో ఏదైనా సరే ముందు ఆమెకే. కొత్త చీర తెస్తే, "అక్క ఫోటో ముందర పెట్టి కట్టుకో తల్లీ" అంటుంది మా అత్త సౌభాగ్యమ్మ. ఆవకాయ కలిపితే మొదటి ముద్ద ఆ ఫోటోకే. గిద్దలూరులో మా పుట్టింట్లో నేనే పెద్దదాన్ని. నాకు అక్క ఎక్కడినుంచి వచ్చిందో నాకర్థం కాదు.

పెళ్ళినాడే ఆమె పేర ఒక వెండి బిళ్ళ వేరే పసుపుతాడుకు గుచ్చి నా మెడలో కట్టింది అత్త. రెండో పెళ్ళివాణ్ణి చేసుకున్న ఆడదానికి అది మామూలే. సవతి బిళ్ళ అంటారు. పోయినామెకు కోపం రాకుండా కాపలా అట. స్నానానికి కూడా తీయకూడదట. అది నా గుండెల మీద ఉన్నన్నాళ్ళూ నాకు సరిగా నిద్రపట్టలేదు. ఉగాది వెళ్ళాక తీసి పూజగూట్లో కుంకుమ భరిణ వెనక పడేశాను. కొంగు నిండుగా కప్పుకుంటే ఎవరికీ తెలియదు.

నాది కుళ్ళే, కాదనను. బతికున్న సవతి అయితే జుట్టూ జుట్టూ పట్టుకుని తేల్చుకోవచ్చు. చచ్చినదానితో ఏం పోట్లాడతాం? త్రిపురాంతకం పోయినా శ్రీశైలం పోయినా, "అమ్మకు తోడు వెనక కూచో హైమా" అంటారు ఆయన. ముందు సీటు ఖాళీగా పోతుంది, ఖాళీగానే తిరిగొస్తుంది. నాకున్న కోరిక ఒక్కటే. ఆ ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుని, ఆ స్టీరియోలో నాకు నచ్చిన పాట ఒకటి వినాలి.

ఒకరోజు పొద్దున్నే అత్త చుట్టాలింటికి పోయింది. ఆయన దుకాణానికి పోగానే కార్ల వైరింగు చేసే యోసేపును పిలిపించాను.

"ఏందక్కా కంప్లైంటు?"

"సౌండు రాదు. ఇంకోటి, నన్ను అక్కా అనొద్దు."

అతను వింతగా చూశాడు. "సరే వదినా. సౌండు రాదా? పోయిన నెల అన్న నా దుకాణం కాడికి వచ్చినాడే. సౌండు మరీ ఎక్కువైపోతా ఉంది, ఎట్ల తగ్గించాల అని అడిగినాడే."

నేను కారు తాళం తీసిచ్చాను. అతను టూల్స్ సంచి విప్పి ముందు సీటు వెనక్కి జరిపాడు.

యాంప్లిఫయరు మీద పచ్చ లైటు వెలుగుతోంది. కరెంటు వస్తోంది. ఫ్యూజు బాగుంది. ఎర్తు బోల్టుకు తుప్పు పట్టి ఉంటే గీకి బిగించాడు. సౌండు రాలేదు. స్టీరియో నుంచి వచ్చే తీగ మార్చి చూశాడు. రాలేదు. స్పీకరు తీగలు ఊడదీసి వాటికి గోడగడియారం సెల్లు ఒకటి తాకించాడు. తలుపులో 'టప్' మంది.

"స్పీకర్లు బాగానే ఉండాయి," అన్నాడు. యాంప్లిఫయరు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకున్నాడు. "ఇంతకుముందు ఎవరన్నా పాటలు పెట్టినారా?"

"లేదు. నిన్నటినుంచీ తాళమే వేసుంది."

"కాల్తా ఉంది వదినా. పొద్దంతా గట్టిగా మోగితేగాని ఇంత వేడెక్కదు."

తర్వాత సూది మీటరు తీసి ఎడమ తలుపు స్పీకరు తీగలకు తగిలించాడు. "ఇప్పుడు స్పీకరును వేలితో నొక్కితే సూది ఊగాల," అంటూ నొక్కి చూపించాడు. ఊగింది. వేలు తీస్తే ఆగింది. ఎడమ తలుపు వేసేసి, అతను డ్రైవరు సీట్లో కూర్చుని మీటరు ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను అతని పక్కన బయట నిలబడ్డాను. షెడ్డులో రేకుల వేడి. కాలిన రెక్సిను వాసన. దూరంగా నీళ్ళ ట్యాంకరు హారను.

సూది ఊగింది.

ఇద్దరం దానివైపే చూస్తున్నాం. ఆగింది. మళ్ళీ ఊగింది... మెల్లగా... ఆగింది.

"గాలేమో," అన్నాడు యోసేపు గొంతు తగ్గించి.

"అద్దాలు ఎత్తి ఉన్నాయి."

అటువైపు తలుపు చూశాను. స్పీకరు మీద గుడ్డ వల ఉంది. దాని మధ్యలో వేలు వెడల్పున చిన్న గుంట పడింది. లేచింది. మళ్ళీ పడింది. తడి పసుపు వాసన వచ్చింది.

భయం కంటే ముందు నాకు మంటెక్కింది. నన్ను ఎక్కనివ్వని సీట్లో ఆమె దర్జాగా కూర్చుని, ఏమీ తోచక వేలితో ఆడుకుంటోంది.

"పీకెయ్," అన్నాను.

"ఏంది వదినా?"

"ఆ యాంప్లిఫయరు. మొత్తం పీకి నీతోనే తీసకపో. తిరిగి తేవద్దు."

అతను స్క్రూడ్రైవరు అందుకున్నాడు. నాలుగు స్క్రూలు విప్పడానికి చాలాసేపు పట్టింది. దాన్ని గోనెసంచిలో చుట్టుకుని, మీటరు షెడ్డులోనే మర్చిపోయి వెళ్ళిపోయాడు.

ఆయన మామూలుగానే వచ్చారు. అన్నం తిన్నారు. షెడ్డులోకి పోయారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. చాలా రోజుల తర్వాత నాకు హాయిగా ఉంది. ఇప్పుడు నా దగ్గరకు రావాలి. అరిచినా సరే, నాతోనే మాట్లాడాలి.

నీలం దీపం వెలిగింది. ఆయన చెయ్యి స్టీరియో మీద ఆగిపోయింది. వంగి సీటు కింద చూశారు. లేచి కూర్చున్నారు. తర్వాత తల పక్కకు వంచారు, ఎవరో చెబుతుంటే వింటున్నట్టు. వద్దన్నట్టు తల ఊపారు. మళ్ళీ విన్నారు. నవ్వారు. అద్దం దించారు.

"హైమా, ఇట్ల రా."

వెళ్ళాను. ఆయన చెయ్యి చాపి అటువైపు తలుపు లోపలినుంచి తెరిచారు.

"కూచో. ఇంక ఈ సీటు నీకేనంట."

"ఎవరన్నారు?"

"కూచో హైమా."

పారిపోవాల్సింది. సూది గుర్తుంది. గుడ్డ వల మీది గుంట గుర్తుంది. అయినా కూర్చున్నాను. ఈ సీటు కోసం ఇన్నాళ్ళు కాచుకున్నదాన్ని, ఆయనే తలుపు తీసి పిలిస్తే ఎట్లా కాదంటాను?

సీటు గోరువెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో లేచిపోయినట్టు.

ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. ఈ ఏడు పత్తి విత్తనాలు ఎట్లా అమ్ముడుపోతాయో... అర్ధవీడు మల్లయ్య మందు డబ్బా పుచ్చుకుని ఏం తమాషా చేసినాడో... పెళ్ళైనప్పటినుంచీ నాతో ఆడిన మాటలన్నీ కలిపినా అన్ని కావు. నేను పొంగిపోయాను. మల్లయ్య మాటకు గట్టిగా నవ్వాను కూడా.

అప్పుడు చూశాను. ఆయన నావైపు చూడటం లేదు. తల కొంచెం ఎత్తి, పైనున్న అద్దంలోకి చూస్తూ మాట్లాడుతున్నారు. ఆ అద్దంలో కనిపించేది వెనక సీటు.

తల తిప్పుదామనుకున్నాను. మెడ కదల్లేదు.

వెనక రెక్సిను కిర్రుమంది.

నా మోకాలి పక్కన, తీగలు ఊడదీసిన స్పీకరు... 'టప్' మంది.

తడి పసుపు వాసన. ఎవరో నా జడ నెమ్మదిగా తీసి భుజం మీదుగా ముందుకు వేశారు. చల్లగా ఏదో జారి నా గుండెల మీద పడింది. వెండి. మెడ వెనక తాడు బిగుస్తోంది. ఓపిగ్గా... ఒక ముడి. ఇంకో ముడి.

ఆయన అద్దంలోకి చూస్తూ, ఇంట్లో మనిషితో అన్నంత మామూలుగా అన్నారు.

"గట్టిగా వెయ్యి కామూ. ఈమె మళ్ళీ తీస్తది."