ఊపిరి కొలిచే డబ్బా

పోలీస్ యాక్షన్ అయిన నాలుగో ఏడు, వానాకాలం. ఆబిడ్స్‌లో ఒక వకీలు ఇంట్లో గిన్నెలు తోమే కిష్టవ్వ, ఆయాసంతో ఎగపోస్తున్న ఆరేళ్ల కూతురు కమలను చంకనేసుకుని, నాంపల్లి స్టేషన్ ఎదురుగా మిద్దె మీదున్న పిల్లల డాక్టర్ విద్యాసాగర్ దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నమే అయినా మబ్బుకు గది చీకటిగా ఉంది. స్పిరిట్ వాసన. దాని అడుగున నిలవ నీళ్ల కంపు.

బల్ల మీద నీళ్ల తొట్టి. అందులో బోర్లించిన రేకు డబ్బా, దానికో రబ్బరు గొట్టం.

"గొట్టంల ఊదితే డబ్బా లేస్తది. ఎంత లేస్తే ఊపిరితిత్తులు అంత మంచిగున్నట్టు," అన్నాడు డాక్టర్. "లేవకుంటేనే పెద్ద దవాఖానకు చీటీ రాస్త."

కమల ఊదింది. డబ్బా కాస్త లేచి కూలబడింది.

"దొంగ ఊదుడు. మళ్ల ఊదు."

ఈసారి ఊదుతూనే పిల్ల గొట్టం వదిలేసింది.

"అమ్మా... అవతలికెల్లి ఎవరో గుంజుతున్నరే..."

నర్సు శశికళ ముఖం పాలిపోయింది. "చాలు సార్," అని గొణిగింది. "మొన్న గా పిల్ల గూడ గిదే మాటన్నది... గీడనే పాణం పోయింది."

"నోర్మూసుకో." డాక్టర్ కమల ముక్కు నొక్కి గొట్టం నోట్లో దూర్చాడు. "నువ్వు గదుమ పట్టుకో," అన్నాడు తల్లితో.

కాదంటే చీటీ రాయడేమోనని కిష్టవ్వ పిల్ల గడ్డం పట్టుకుంది. పిల్ల కాళ్లు కొట్టుకుంటున్నా వదల్లేదు.

డబ్బా లేచింది. ఇంకా లేచింది. అంచుదాకా...

"చూసినవా? అంతా నాటకం!" డాక్టర్ నవ్వాడు.

కమల బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. పెదాలు నీలమయ్యాయి. తల వాలింది. గొట్టం నోట్లోనే ఉంది. ఛాతీలో కదలిక లేదు.

అప్పుడు డబ్బా... ఎవరూ ముట్టకుండానే... మెల్లగా దిగింది. అది దిగినకొద్దీ పిల్ల ఛాతీ నిండింది.

పిల్ల కళ్లు తెరిచింది. ఆయాసం లేదు. కిష్టవ్వ ఏడుస్తూ డాక్టర్ కాళ్లు మొక్కింది. శశికళ గోడకు అంటుకుపోయి నిలబడింది.

కిష్టవ్వ కిందికి దిగి రిక్షా ఎక్కి, పిల్లను ఒళ్లో కూచోబెట్టుకుంది. రిక్షా కదలబోతుండగా పైనుంచి వినబడింది. రేకులోంచి వచ్చినట్టు, బోలుగా...

"అమ్మా... నేను గీడున్ననే..."

కమల గొంతే.

కిష్టవ్వ ఒళ్లోని పిల్లను చూసింది. హాయిగా, చప్పుడు లేకుండా ఊపిరి పీలుస్తోంది.

"పోనియ్యన్నా," అంది. "జర జల్ది."

ఆమె వెనక్కి తిరగలేదు. పిల్ల తిరిగింది. మిద్దె కిటికీని చూసి, నవ్వుతూ చెయ్యి ఊపింది.