కొంగ రెక్క కింద మడత

మారుతగిరి రాజ్యంలో ఒకరోజు పొద్దున్నే గాలి ఆగిపోయింది. మామూలుగా ఆగడం కాదు. చెట్ల మీద ఆకు కదలలేదు. వంటిళ్ల పొగ పైకి లేచి అక్కడే నిలబడిపోయింది. కళ్లాల్లో తూర్పారబట్టడానికి చేటలెత్తిన రైతులకు పొట్టూ గింజా కలిసే కాళ్ల మీద పడ్డాయి. అందరూ కోట వంక చూశారు. బురుజు మీద జెండా కర్ర బోడిగా ఉంది.

ఆ రాజ్యపు జెండా ఆకుపచ్చ పట్టు మీద తెల్ల కొంగ. అక్కడి గాలి ప్రాణం ఆ జెండాలోనే ఉంది. దాని పద్ధతులు పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. పొద్దు పొడవగానే చకచకా ఎగరేయాలి, పొద్దు గుంకకముందే నెమ్మదిగా దించాలి. నేలకు తగలనివ్వకూడదు, నీళ్లలో తడవనివ్వకూడదు, చలి వేసినా ఒంటికి చుట్టుకోకూడదు. దించాక కొంగ పైకి కనిపించేలా మడిచి పెట్టెలో పెట్టాలి. ఈ పని తాతల నాటి నుంచీ ఓబన్న ఇంటివాళ్లది. ఓబన్న జెండా పెద్ద, అతని తమ్ముడు గంగయ్య తాడు పట్టేవాడు. కూతురు చెంగల్వ ఇద్దరి దగ్గరా పని నేర్చుకుంది.

జెండాను పెట్టెలోనే పెట్టానని ఓబన్న మొత్తుకున్నాడు. పెట్టె ఖాళీగా ఉంది. గంగయ్య మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుని, అన్న చేయి జారి జెండా బురదలో పడిందనీ, పొగభూతం దాన్ని ఎత్తుకుపోయిందనీ రాజుగారి ముందు సాక్ష్యం చెప్పాడు. తోడబుట్టినవాడే చెబుతుంటే ఇంకెవరు కాదంటారు? రాజుగారు ఓబన్నకు సంకెళ్లు వేయించారు. పున్నమిలోగా జెండా రాకపోతే దేశం నుంచి వెళ్లగొడతానన్నారు.

వెతకడానికి చెంగల్వ బయలుదేరింది. గంగయ్య అటుకుల మూట కట్టిచ్చి, ఊరి పొలిమేర దాకా వచ్చి తల నిమిరాడు.

"పడమటి అడవి దారి పట్టు తల్లీ. భూతం అటే పోయింది, నేను చూశాను."

చెంగల్వ ఆ దారినే పోయింది. మూడు రోజులు నడిచాక అడుగడుగునా ఊబి ఎదురైంది. నడుము దాకా దిగిపోయిన పిల్లను ఒక ముసలి ముని తీగ విసిరి బయటికి లాగాడు. కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చి, తుడుచుకోవడానికి తన కుటీరం మీది చిరిగిన జెండాను తీసి ఇచ్చాడు. చెంగల్వ దాన్ని తీసుకుంది గానీ తుడుచుకోలేదు.

"చిరిగినా జెండా జెండాయే కదా స్వామీ. ఎగరేయడానికి పనికిరాకపోతే మర్యాదగా అగ్నికి ఇవ్వాలి, కాళ్లకు కాదు," అంది.

ముని మనసు కరిగింది. ధూమకేశుడనే పొగభూతం గుహ తూర్పు కొండల్లో ఉందనీ, పడమట ఊబి తప్ప ఏమీ లేదనీ చెప్పాడు. ఈ దారి ఎవరు చూపించారని అడిగాడు.

"మా చిన్నాన్న. పాపం, కంగారులో పొరబడ్డట్టున్నాడు."

ముని ఆమెను తూర్పు దారి దాకా తీసుకెళ్లాడు. దొరకాలనుకున్నది దొరుకుతుందనీ, దాంతోపాటు వద్దనుకున్నదీ దొరుకుతుందనీ చెప్పి పంపాడు.

చెంగల్వ తూర్పు కొండలెక్కి ఆ గుహలో అడుగుపెట్టింది. ఏ దేశాలవో ఎన్నో జెండాలు అక్కడ కాళ్లు తుడుచుకునే గుడ్డలుగా, పరుపులుగా పడి ఉన్నాయి. కొంగ జెండా ఒక్కటే ఒక బండ మీద మడత విప్పకుండా ఉంది. దాని ముందు ధూమకేశుడు తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఇది విప్పి తొక్కితే మీ గాలంతా నా బానిస. విప్పడమే నాకు చేతకావడం లేదు. ఇచ్చినవాడు ఎలా మడిచాడోగానీ, లాగితే ఇంకా బిగుస్తుంది," అంది భూతం.

చెంగల్వ వంగి చూసింది. కొంగ పైకి ఉంది. నాలుగో కొస ఎడమ రెక్క కిందికి దోపి ఉంది. ఆ మడత తెలిసినవి లోకంలో మూడు జతల చేతులే. నాన్న అయితే దొంగతనం చేసి తన మెడకు తానే ఉరి తగిలించుకోడు. మిగిలింది చిన్నాన్నే, తనను భుజాన ఎక్కించుకుని బురుజు మెట్లెక్కినవాడు, ఈ కొస దోపడం వేలు పట్టి నేర్పినవాడు. తనను ఊబిలోకి పంపినవాడూ అతనేనని అప్పుడు అర్థమైంది. లేచి భూతం వైపు తిరిగింది.

"నేను విప్పుతాను. కానీ ఈ మడత పొద్దు పొడిచే వేళ, కర్రకు కట్టి ఎగరేస్తేనే విడుతుంది," అంది.

అందులో అబద్ధం కొంచెమే. తెల్లవారేసరికి భూతం తన గదను గుహ ముందు పాతి నిలబెట్టింది. చెంగల్వ కొస వదులు చేసి, జెండాను దానికి కట్టి తాడు చకచకా లాగింది. కొంగ రెక్క విచ్చింది. ఇన్నాళ్లూ మడతలో ఊపిరి బిగబట్టిన గాలి ఒక్కసారిగా వీచింది. పొగతో చేసిన ఒళ్లు గాలికి ఏం నిలుస్తుంది? ధూమకేశుడు చెదిరిపోయాడు. గుహలోని జెండాలన్నీ లేచి, ఏ దేశానివి ఆ దేశానికి ఎగిరిపోయాయి.

తిరుగుదారిలో ఏరు పొంగింది. గొంతు దాకా నీళ్లలో నడుస్తూ జెండాను నెత్తికి పైన పట్టుకుంది. తడి ఒంటితో రాత్రంతా వణికింది గానీ, దాన్ని కప్పుకోలేదు.

పున్నమి నాడు సభకు చేరింది. అందరికంటే ముందు గంగయ్య చేతులు చాపి ఎదురొచ్చాడు. చెంగల్వ జెండాను రాజుగారి ముందు విప్పి పట్టుకుంది.

"ఇది బురదలో పడిందన్నావు చిన్నాన్నా. ఒక్క మరక చూపించు."

సభ అంతా చూసింది. మరక లేదు. భూతం గుహలో ఆ జెండా ఏ మడతలో దొరికిందో కూడా ఆమె చెప్పింది. సంకెళ్లలో ఉన్న ఓబన్న తమ్ముడి వంక చూసి తల దించుకున్నాడు.

"ఇరవై ఏళ్లు తాడు నేను లాగాను, పేరు మాత్రం అన్నకొచ్చింది," అన్నాడు గంగయ్య. "నన్ను జెండా పెద్దను చేస్తానంది భూతం. జెండాను దాని మొహాన విసిరికొట్టి రావాల్సింది. మడవకుండా ఉండచుట్టి ఇవ్వడానికి చేతులు రాలేదు."

"నన్ను ఊబిలోకి పంపడానికి ఎలా వచ్చాయి?" అని అడిగింది చెంగల్వ.

రాజుగారు ఓబన్న సంకెళ్లు తీయించి, దేశం వదలమన్న శిక్షను గంగయ్యకు వేశారు. చెంగల్వను జెండా పెద్దను చేశారు. జెండా మళ్లీ బురుజెక్కింది, కళ్లాల్లో పొట్టు ఎగిరింది, గింజ రాశి పడింది, రాజ్యమంతా పండగ చేసుకుంది.

ఆ సాయంత్రం పొద్దు గుంకకముందే తండ్రీ కూతుళ్లు జెండాను నెమ్మదిగా దించారు. మూడు మడతలయ్యాయి. నాలుగో కొస దగ్గర చెంగల్వ చేయి ఆగిపోయింది. దూరంగా తూర్పు బాటలో ఒక మనిషి మాటిమాటికీ వెనక్కి తిరిగి బురుజు వంక చూస్తూ పోతున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని, చిన్నాన్న నేర్పినట్టే ఆ కొసను ఎడమ రెక్క కిందికి దోపింది.