ఏటికేక

జ్యేష్ఠమాసపు మిట్టమధ్యాహ్నపు ఎండలో, కొండల మొదలు సముద్రం దాకా ఎండి తెల్లని ఇసుకపర్రగా మిగిలిన నాగేరు నది గర్భంలో శత్రుసేన పదివేల కత్తులతో విడిసి ఉండగా, ఆ ఏటి నడుమ లంకమీద వెలసిన పొన్నలంక కోట ఇరవైరెండు దినాలుగా తలుపులు బిగించుకొని నిలిచింది.

నాగేటి లోయవారిని ఆ నది పెంచిన తీరే వేరు. ఇళ్ళు నిలువెత్తు అరుగులమీద కట్టుకుంటారు. ధాన్యం అటకలమీద దాస్తారు. వరదనాడు తలదాచుకోను చుట్టరికం ఉండాలని ఈ ఒడ్డు పిల్లను ఆ ఒడ్డుకే ఇస్తారు. పై కొండల్లో కురిసిన వాన, ఇక్కడ చుక్కైనా రాలకుండానే వచ్చి మీద పడుతుంది కనుక అన్నిటికన్నా పెద్ద కట్టడి మరొకటుంది: వరద జాడ మొదట కనిపెట్టినవాడు కొమ్ము ఊది కేక వేయాలి, ఏట్లో ఉన్నవాడు పగవాడైనా సరే.

ఆ కేకను నమ్ముకొనే ఏట్లో దిగాడు దోనయ ప్రెగ్గడ. ఒకప్పుడు ఈ రాజ్యానికే మంత్రి, తడిగుడ్డతో గొంతులు కోసిన ఘనుడు. సింహాసనంమీద కన్నువేసి, దానికి అడ్డు నిలిచిన సేనాపతి ఎరియమ నాయకుడి ఇల్లు కూల్చాలని, మూడేళ్ళ కిందట వరదనాడు ఎగువ కావలివారిని విందుకు పిలిచి కేక పుట్టకుండా చేశాడు. ఎరియమ సరిహద్దులో ఉండగా భార్య నీలమ, కొడుకులు బొప్పన, కేతన పల్లపు లంకలో మునిగిపోయారు. గుట్టు రట్టు కాగానే ప్రెగ్గడ మెట్టదేశపు రాజు పంచన చేరి, ఇప్పుడు ఆయన సేనతో తిరిగివచ్చాడు. ఎండిన ఏట్లోంచి చేరితే కోటగోడ పొట్టిదని అతడికి తెలుసు. ఇసుకలో విడియడానికి మెట్టసేనానులు జంకితే నవ్వాడట.

"వరదొస్తే ఆ వెర్రివాళ్ళే మనల్ని లేపుతారు. వాళ్ళ ధర్మమే మనకు కావలి."

వేగులవాడు ఆ మాట చేరవేసిన నాటినుంచి ఎరియమకు అన్నం సయించలేదు.

ఆ మధ్యాహ్నం గోడ కింది చెలమలో నీరు బెత్తెడు పొంగి ఎర్రబారింది. వరద జాడ అది; చూసినవాడు ఎరియమే. కొమ్ము చేతిలోకి తీసుకున్నాడు గాని పెదవులకు ఆనించలేదు. వచ్చే రెండు గడియలు నోరు మూసుకుంటే చాలు, పగ తీరుతుంది, కోట దక్కుతుంది.

రాణి వెన్నమదేవి అతడి పక్కకు వచ్చి నిలిచింది. "నాయకా, నీ కడుపుకోత నేనెరుగుదును. నేడు నీవు ఊరకున్నా నిన్ను తప్పుపట్టను."

"మహాదేవీ, ఆ పదివేలమందికీ ఇళ్ళల్లో ఆలుబిడ్డలున్నారు. ఊరకుంటే ప్రెగ్గడకూ నాకూ భేదమేమి?" అతడి చూపు ఇసుకలోని ప్రెగ్గడ గుడారంమీద నిలిచింది. "కాని వాణ్ణి మాత్రం విడువను. సెలవిప్పించండి."

కొమ్ము మూడుమార్లు మోగింది. "ఏరొస్తోంది! ఒడ్డెక్కండి!" అన్న కేక గోడ పొడవునా పాకింది. మెట్టసేన గుడారాలు, కత్తులు ఎక్కడివక్కడ వదిలి రెండు ఒడ్లకూ పరుగెత్తింది. బోయీలు పల్లకి పారేసి పోగా, స్థూలకాయుడైన ప్రెగ్గడ ఇసుకలో మడమలు దిగబడుతూ ఒగర్చుకుంటూ నడుస్తున్నాడు. గోడలోని చిన్న దిడ్డివాకిలి దాటి వచ్చిన ఎరియమ ఒంటరిగా అతడి దారికి అడ్డం నిలిచాడు.

"తప్పుకో నాయకా! కేక వేయడం మీ ధర్మం!"

"వేశాను. విన్నావు. నిన్ను ఒడ్డెక్కించమని మా ధర్మం ఎక్కడా చెప్పలేదు."

"నేను పోతే నీవూ పోతావు!"

"మూడేళ్ళుగా బతికి ఉన్నానని నీకెవరు చెప్పారు?" ఎరియమ అతడి ఉత్తరీయాన్ని మెడ దగ్గర ఒడిసిపట్టాడు. "నీలమకు ఎవరూ కేక వేయలేదు ప్రెగ్గడా. బొప్పనకు వేయలేదు. అయిదేళ్ళ కేతనకూ వేయలేదు. నీకు వేశారు. ఆ ఒక్క మేలు పొంది పోతున్నావు."

ప్రెగ్గడ బతిమాలాడు, ఏడ్చాడు, మొలలోని బాకు తీసి రెండుమార్లు పొడిచాడు. ఎరియమ కదలలేదు. ఎగువనుంచి ఎర్రనీరు చెట్లను దొర్లించుకుంటూ వచ్చి ఇద్దరినీ కప్పేసింది.

ఆ సాయంకాలం రాణి ఆనతిమీద కోట పడవవాళ్ళు, చెట్లను పట్టుకొని వేలాడుతున్న శత్రుభటులను ఒడ్డుకు చేర్చి గంజి పోశారు. ఆ భటులు మళ్ళీ ఈ కోటమీద కత్తి ఎత్తలేదు. మూడోనాడు దిగువ రేవులో రెండు శవాలు ఒక్కచోటనే దొరికాయి. ఎరియమ పిడికిలి విప్పడానికి నలుగురు పడవవాళ్ళు కావలసి వచ్చింది.